ఇంటింటి ఆరోగ్యము: స్కానింగు కాగితము చూచి కృంగిపోవద్దు



కొల్లేటి లంక గ్రామము ఒకదాని నుండి ఒక సహోదరి వ్రాసిన ఉత్తరము ఈ నెల మా ముందున్నది. ఆమె భర్తకు 46 ఏండ్లు. చేపల చెరువుల మీద పట్టుబడికి వెళ్ళి, ఐసు పోసిన ట్రేలు లారీకి ఎత్తే పని ఆయనది. మూడు నెలల క్రితం నడుము పట్టేసింది. ఏలూరు వెళ్ళి ఎం.ఆర్.ఐ. స్కానింగు తీయించారు. నాలుగు చోట్ల డిస్కులు ఉబ్బి ఉన్నాయని రిపోర్టు వచ్చింది. అది చదివించుకున్న నాటి నుండి ఆయన మంచము దిగడం లేదు. "నా వెన్నుపూసంతా పోయింది" అంటున్నారట. ఆపరేషను కోసం ఉన్న అర ఎకరము బేరం పెట్టారు. ఇది చాలదన్నట్లు ఒకరు ఇంటికి వచ్చి, మీకు విశ్వాసము చాలకనే స్వస్థత రాలేదని చెప్పి వెళ్ళారట. "మేము ఏమి చేయాలి?" అని ఆ సహోదరి అడుగుతున్నారు.

ఇది ఒక్క ఇంటి బాధ కాదు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో బస్తాలు మోసే హమాలీలు, ఏలూరులో మగ్గము ముందు కూర్చొని తివాచీలు నేసేవారు, రోజంతా వంగి నాట్లు వేసే మన అక్కచెల్లెండ్రు, అందరికీ నడుము నొప్పి తెలుసు. అందుచేత ఈ సంగతి కొంచెం వివరముగా వ్రాస్తున్నాము.

డిస్కు అంటే ఏమిటి?

మన మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు ఉన్నాయి. పూసకూ పూసకూ మధ్య మెత్తటి దిండు వంటిది ఉంటుంది. అదే డిస్కు. నెత్తి మీద బరువు పెట్టుకొనేటప్పుడు మనము చుట్టకుదురు పెట్టుకుంటాము కదా, అటువంటిదే. కొత్త కుదురు ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. వాడగా వాడగా అణిగి, అంచులు పక్కలకు వస్తాయి. డిస్కు కూడా అంతే. వయస్సుతో దానిలోని నీరు తగ్గుతుంది, ఎత్తు తగ్గుతుంది, అంచు కొద్దిగా బయటికి ఉబ్బుతుంది. రిపోర్టులో 'డెసికేషన్' అంటే డిస్కు ఎండినదని అర్థము. 'బల్జ్' అంటే అంచు ఉబ్బినదని. 'ఎల్-4, ఎల్-5' అంటే నడుములోని నాలుగవ, అయిదవ పూసల మధ్య అని. దీనినే మనవారు "గ్యాపు వచ్చింది" అంటారు. నిజానికి అక్కడ ఖాళీ ఏర్పడదు. ఉన్న ఎడము తగ్గుతుంది.

నొప్పి లేనివారికి కూడా ఉంటుంది

1994లో అమెరికా వైద్యులు నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీశారు. వారిలో నూటికి 52 మందికి కనీసము ఒక డిస్కు ఉబ్బి ఉన్నది. నూటికి 38 మందికి ఒకటి కంటే ఎక్కువ డిస్కులలో లోపము కనబడినది. 2015లో ఇటువంటి పరిశోధనలు 33 కలిపి, నొప్పి లేని 3,110 మంది వివరాలు చూచారు. 20 ఏండ్లవారిలో నూటికి 30 మందికి, 40 ఏండ్లవారిలో 50 మందికి, 80 ఏండ్లవారిలో 84 మందికి డిస్కు ఉబ్బు ఉన్నట్లు తేలింది. వీరెవరూ నడుము నొప్పి అని వచ్చినవారు కారు.

కాబట్టి ఈ సహోదరుని వయస్సులో ఎవరికి స్కానింగు తీసినా, ఇంచుమించు సగము మందికి ఇటువంటి మాటలే రావచ్చును. రిపోర్టు అబద్ధము కాదు. ఆయన నొప్పి అంతకన్నా అబద్ధము కాదు. అయితే కాగితము మీది ప్రతి ఉబ్బూ నొప్పికి కారణము కాదు. తల నెరిసినట్లే డిస్కు కూడా నెరుస్తుంది.

వైద్యుని అడుగవలసినవి

స్కానింగు ఫిల్ము ఒక్కటి చూచి ఎవరూ ఆపరేషనుకు ఒప్పుకోవద్దు. వైద్యుడు మనిషిని పడుకోబెట్టి కాలు ఎత్తి చూడాలి, పాదము బలము, స్పర్శ చూడాలి. అప్పుడు మూడు మాటలు అడగండి. ఫిల్ములో కనబడే చోటుకూ నాకు నొప్పి ఉన్న చోటుకూ పొత్తు కుదిరిందా? నరము నిజముగా నొక్కుకుంటున్నదా, కాలులో బలము తగ్గిందా? ఆపరేషను లేకుండా కొన్ని వారాలు చూస్తే ప్రమాదమా?

నొప్పి పిరుదు నుండి పిక్క దాకా, పాదము దాకా లాగుతూ, నరము నొక్కుకున్నట్లు పరీక్షలోనూ ఫిల్ములోనూ ఒకేచోట తేలి, వారాలు గడిచినా తగ్గనప్పుడు ఆపరేషను మేలు చేయవచ్చును. నాలుగు చోట్ల ఉబ్బులు ఉండి నడుము మాత్రమే నొప్పి అయితే, దాని వలన లాభము తక్కువ. భూమి అమ్మే ముందు ఇంకొక వైద్యుని అభిప్రాయము తీసుకోండి. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై, 2024 నుండి ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలువబడుతున్న ప్రభుత్వ పథకము వర్తిస్తుందేమో కూడా ఆసుపత్రిలో విచారించండి.

ఆలస్యము చేయకూడని గుర్తులు

మూత్రము ఆగిపోయినా, తెలియకుండా పోయినా, మల విసర్జన అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాళ్ళలో బలము తగ్గుతున్నా అదే రోజున పెద్ద ఆసుపత్రికి చేర్చండి. నడుస్తుంటే చెప్పు తెలియకుండా జారిపోవడం కూడా నరము బలహీనపడిన గుర్తు కావచ్చును. జ్వరము, బరువు తగ్గుట, రాత్రిళ్ళు తగ్గని నొప్పి ఉంటే వెంటనే వైద్యునికి చెప్పండి. క్షయ వెన్నెముకకు కూడా వస్తుంది. అది మందులతో నయమయ్యే జబ్బు.

ఇంటి దగ్గర చేయదగినవి

ఈ గుర్తులు లేనివారికి మంచము మందు కాదు. ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే కండలు సడలి నడుము ఇంకా బిగుస్తుంది. చెరువు గట్టు మీద ఉదయము పది నిమిషాలు, సాయంత్రము పది నిమిషాలు నడక మొదలుపెట్టి, క్రమముగా పెంచాలి. ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచి, బరువును రొమ్ముకు దగ్గరగా పట్టుకోవాలి. ఎత్తిన బరువుతో నడుము తిప్పకూడదు, పాదాలు తిప్పాలి. నిండు ట్రే ఇద్దరు పట్టాలి. మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొని నెలల తరబడి మింగితే కడుపుకూ మూత్రపిండాలకూ చేటు.

విశ్వాసము గురించి ఒక మాట

లూకా సువార్త 13వ అధ్యాయములో 18 ఏండ్లుగా నడుము వంగిపోయిన స్త్రీ ఉన్నది. ఆమె అంత బాధలోనూ సమాజమందిరానికి వచ్చింది. ప్రభువు ఆమెను దగ్గరకు పిలిచాడు గాని, నీ విశ్వాసము ఎంత అని నిలదీయలేదు. హిజ్కియా రాజు ప్రార్థన దేవుడు ఆలకించాడు, ఆయన పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కూడా వేశారు. ప్రార్థనకూ వైద్యానికీ తగవు లేదు. బాధపడేవారి మీద నింద మోపే అధికారము మనలో ఎవరికీ లేదు.

సహోదరీ, ఆ బేరము ఇప్పటికి ఆపించండి. మీ భర్తను లేపి గట్టు దాకా మీరూ కూడా నడవండి. సంఘ పెద్దలకు మా మనవి ఒకటున్నది. చాప మీద కూర్చోలేక ఆరాధనకు రావడం మానినవారు ప్రతి సంఘములోనూ ఉన్నారు. ఈ ఆదివారము మందిరములో గుమ్మము పక్కన రెండు కుర్చీలు వేయించి, వారి ఇంటికి వెళ్ళి పిలుచుకొని రండి.