గాలి ఆగిందని గడప దాటకండి

ఆశ్వయుజం వచ్చిందంటే గంజాం తీరాన మనవాళ్లకు ఒక కన్ను పిండివంటల మీద, ఒక కన్ను సముద్రం మీద. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా యేడాదికి అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడ్డది. ఆ తేదీకి మనమీద యేమి కక్షో!

1999లో ఒడిశాలో 10 వేలకు దగ్గరగా ప్రాణాలు పోయినవి. ఫైలిన్‌కు లక్షలాది జనాన్ని ముందే తరలించడంచేత ఆ లెక్క పదులలోనే ఆగింది.

మేము ముఖ్యంగా చెప్పదలచినది వేరు. హోరు ఠక్కున ఆగి ఆకాశం తేటపడితే, పీడ విరగడైందని జనం వీధిలోకి వస్తారు. అది తుపాను కన్ను. అది దాటగానే గాలి ఎదురుదిక్కునుంచి విరుచుకుపడుతుంది. మొదటి విసురుకు వదులైన పెంకులూ, చెట్లూ అప్పుడే కూలుతవి.

గాలి వెళ్లినా వాన వుంటుంది. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటితే, గజపతి జిల్లాలో వానకు కొండ పంచన చేరినవారిపై చరియ విరిగిపడ్డది. కొండదిగువ వారు ముందే పక్కా కట్టడానికి చేరాలి.

జాలరిపేటల్లో ఒడియా సరిగా రాని ముసలివారికి కుర్రవాళ్లు ఈ రెండు ముక్కలూ తెలుగులో చెప్పి రండి, రేవులో 10వ నంబరు హెచ్చరిక కట్టకముందే.