తెల్లకోటు మాటకి పూచీ ఎవరిది?

పోయిన వేసవిలో మా అత్తగారు మోకాళ్ళ నొప్పులకి టి.వి.లో చూపించే ఒక నూనె తెప్పించమన్నారు. నేను సందేహిస్తుంటే "డాక్టరే పూసుకోమంటున్నాడు కదే, నీకెందుకంత అనుమానం?" అని చిన్నబుచ్చుకున్నారు. తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, పక్కన అస్థిపంజరం బొమ్మ... నమ్మక ఏం చేస్తారు చెప్పండి! నాలుగు సీసాలు తెప్పించాం. మూడు నెలలు రెండు పూటలా నేనే మర్దనా చేశాను. ఆవిడ మెట్లు దిగడమే మానేశారు. చివరికి ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళితే "ఇంత ఆలస్యం చేశారేమ్మా?" అన్నారు. డబ్బు పోతే పోయింది, ఆ మూడు నెలలు ఎవరు తెచ్చిస్తారు?

ఆ కోటాయన నిజం డాక్టరో, వేషం కట్టినవాడో ఇప్పటికీ మాకు తెలీదు.

మా ఆడపడుచు కూతురు లా చదువుతోంది. "అలా చెప్పినవాళ్ళని అడిగే దిక్కే లేదుటే?" అంటే, "ఉంది అత్తయ్యా, మనమే అడగం" అంది. 2019లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉందిట. తప్పుదోవ పట్టించే ప్రకటనకి కంపెనీ ఒక్కటే కాదు, అందులో నిలబడి "ఇది మంచిది" అన్న మనిషీ బాధ్యుడే. కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. ఏడాదిపాటు ఏ ప్రకటనలోనూ సిఫారసు చేయకుండా ఆపొచ్చు, మళ్ళీ చేస్తే మూడేళ్ళు. ఒక మెలిక ఉంది. చెప్పేముందు నిజానిజాలు తగినంత విచారించుకున్నానని చూపించగలిగితే జరిమానా తప్పుతుంది. సినిమా తార "నాకేం తెలుసు" అంటే కొంత అర్థం చేసుకుంటాను. డాక్టరు ఆ మాట అంటే ఎలా? ఆయన చదివిందే అది కదా!

అసలు 2002 నాటి వైద్యమండలి నియమాల ప్రకారం డాక్టరు తన పేరుతోగానీ ఫొటోతోగానీ ఏ మందునీ, వస్తువునీ ప్రకటనల్లో మెచ్చుకోకూడదు. పళ్ళ డాక్టర్లకీ ఈ కట్టడి ఉంది. దానికీ దారి వెతికారు చూడండి. సెన్సొడైన్ పేస్టు ప్రకటనల్లో విదేశీ డాక్టర్లని చూపించారు. మనవాళ్ళు చేయకూడనిది పరాయివాళ్ళ చేత చేయించడమేమిటని 2022లో అథారిటీ ఆ ప్రకటనలు ఆపమంది. ప్రపంచమంతటా దంతవైద్యులు సిఫారసు చేస్తున్నారన్న మాటకి రుజువేదంటే, కంపెనీ చూపించింది మన దేశపు డాక్టర్లని అడిగిన సర్వేలు! మార్చిలో 10 లక్షల జరిమానా పడింది, కంపెనీకే లెండి. మన నిపుణులు చేయకూడని ప్రచారం విదేశీ నిపుణులూ చేయకూడదని ఆ జూన్‌లో వచ్చిన మార్గదర్శకాల్లో రాశారు.

ఫిర్యాదుకి 1915కి ఫోను చేయొచ్చు, జిల్లా కలెక్టరుకైనా రాసివ్వచ్చు. బిల్లు, అట్టపెట్టె దాచుకోండి. ప్రకటన ఏ చానల్లో, ఏ రోజు, ఎన్నింటికి వచ్చిందో రాసిపెట్టుకోండి. నేను పెట్టె పారేశాను. బిల్లు మాత్రం పోపులడబ్బా అడుగున, నూనె మరకలతో దొరికింది. ఫోను చేసి చెబితే వివరాలన్నీ రాసుకున్నారు. ఏమవుతుందో చూడాలి.

అత్తగారు ఇప్పుడు తెల్లకోటు కనబడితే చాలు, "కలం, కాగితం తేవే, టైమెంతయింది?" అంటున్నారు.