అభిమానుల ఆశలు, ఆందోళనలు

రాష్ట్రపతి ఎన్నిక సమీపించినప్పుడెల్ల దేశరాజధానియందలి మన తెలుగువారిలో ఒక విచిత్రమైన కలవరము పొడసూపుచుండును. న్యాయవాదులు, వైద్యులు, ఆచార్యులు, ప్రభుత్వోద్యోగులు కలిసికొన్న చోటనెల్ల ఏ రాష్ట్రమున నెన్ని వోట్లు ఎటు మొగ్గునోయని లెక్కలు వేయుచుందురు. పార్లమెంటునకును శాసనసభలకును ఎన్నికైన సభ్యులకు దక్క నితరులకు ఈ యెన్నికలో వోటు లేదు. వోటున్నవాడు దానిని వేసి నిశ్చింతుడగును. వోటులేని అభిమానికి మిగులునవి ఆశయు, ఆందోళనయు మాత్రమే. మేమును అట్టి అభిమానులమే. మాకును ఒక పక్షము కలదు. దానిని దాచి మధ్యస్థుల వేషము ధరింప దలపము. అయినను అభిమానికి ఆత్మపరీక్ష యవసరమని మా యభిప్రాయము. అందులకు 1969వ సంవత్సరపు ఎన్నికకంటె మంచి పాఠము తెలుగువారికి వేఱొకటి లేదు.

ఆ సంవత్సరము మే 3వ తేదీన డాక్టరు జాకీర్ హుస్సేన్ కాలధర్మము నొందగా, ఉపరాష్ట్రపతి వి.వి. గిరిగారు తాత్కాలికముగా రాష్ట్రపతి బాధ్యతలు వహించిరి. కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు లోక్‌సభ స్పీకరగు నీలం సంజీవరెడ్డిగారిని అభ్యర్థిగా నిర్ణయించెను. గిరిగారు రాజీనామా యిచ్చి స్వతంత్రముగా రంగమున దిగిరి. ఒకరు అనంతపురము జిల్లా ఇల్లూరున జన్మించి, ఆంధ్రప్రదేశ్ ప్రథమ ముఖ్యమంత్రి యైనవారు. వేఱొకరు బరంపురమున జన్మించిన తెలుగువారు. ఆ పట్టణము 1936లో మద్రాసు రాష్ట్రమునుండి విడివడి ఒరిస్సాలో చేరినది. 'మనవాడు' అను మాట ఆ యెన్నికలో ఎవరికిని దారిచూపలేదు. ఇరువురును మనవారే.

కనుక అభిమానులు వేఱు కారణములు వెదకుకొనవలసివచ్చెను. జూలై 19వ తేదీన 14 బ్యాంకులను జాతీయము చేయు ఆర్డినెన్సుపై సంతకము చేసినవారు గిరిగారే. కాంగ్రెసు వృద్ధనాయకులు నిలిపిన అభ్యర్థి గెలిచినచో ప్రధానమంత్రి ఇందిరాగాంధీ అధికారమునకే ముప్పు వాటిల్లునని గిరిపక్షమువారు భయపడిరి. కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్పగారు స్వతంత్ర, జనసంఘ నాయకులతో మంతనములాడుట ఆ భయమును ఇనుమడింపజేసెను. రెడ్డిపక్షమువారి ఆవేదనయు నిరాధారము కాదు. రెడ్డిగారి నామినేషను పత్రముపై సంతకము చేసిన ప్రధానమంత్రియే తుదకు అంతరాత్మ ప్రబోధానుసారము వోటు వేయవచ్చునని సభ్యులకు తెలిపినప్పుడు, ఇక పార్టీ నిర్ణయమునకు విలువ యేమని వారు ప్రశ్నించిరి.

ఆగస్టు 16వ తేదీన వోటింగు జరిగెను. 20వ తేదీన లెక్కింపు జరిగెను. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, మూడవ అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్ గారికి 1,12,769 వచ్చెను. గెలుపునకు 4,18,169 కావలెను. ద్వితీయ ప్రాధాన్యములను కలుపగా గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 తేలినవి. తేడా 14,650 మాత్రమే. ఆ యేడే నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలినది.

ఆందోళన హద్దు మీఱినచో ఏమగునో కూడ ఆ యెన్నికయే చూపినది. రెడ్డిగారి శీలమును దూషించు అజ్ఞాత కరపత్ర మొకటి సభ్యులలో వ్యాపించెను. ఎన్నిక చెల్లదను వ్యాజ్యము సుప్రీంకోర్టునకు పోయెను; 1970లో రాష్ట్రపతియే సాక్ష్య మీయవలసివచ్చెను. వ్యాజ్యము కొట్టివేయబడినది. కాని కోర్టుతీర్పు ఎన్నికను నిలుపగలదే గాని, చల్లిన బురదను కడుగజాలదు.

ఇక ఆశల సంగతి. గిరిగారు రైల్వే కార్మికోద్యమమున పేరొందినవారు. ఆయన రాష్ట్రపతియైనచో కార్మికులకు అండ దొరకునని నమ్మినవారు కలరు. 1974 మే నెలలో రైల్వే సమ్మెను ప్రభుత్వము కఠినముగా నణచినప్పుడు రాష్ట్రపతి పీఠమున నున్నవారు ఆయనయే. మంత్రివర్గము సలహాను అనుసరింపవలసిన పదవి యది. సమ్మెదారుల ఆశను తీర్చు శక్తి దానికి లేదు. 1969లో ఓడిన సంజీవరెడ్డిగారో, 1977లో పోటీయే లేక రాష్ట్రపతి యైరి. ఆయన యోటమితో సర్వమును ముగిసినదని విలపించినవారి దుఃఖము ఎనిమిది వత్సరములు దాటలేదు. మఱి రెండేండ్లకు, 1979లో, జగ్జీవన్‌రామ్ గారికి అవకాశమీయక ఆయన లోక్‌సభను రద్దుచేసినప్పుడు, ఆయనను పీఠమెక్కించిన జనతా నాయకులే మండిపడిరి.

దీనినిబట్టి మేము గ్రహించున దొక్కటి. అభిమాని తన అభ్యర్థిని గూర్చి కోరు కోరిక సామాన్యముగా తలక్రిందులుగా నుండును. గెలిచిన పిమ్మటను అతడు మనవాడుగానే యుండవలెనని మన మాశింతుము. ఆ పీఠమెక్కిన క్షణమున అతడు మనవాడు కాకపోవుటయే దేశమునకు మేలు. అట్లే ఎదుటి అభ్యర్థి గెలిచినచో రాజ్యాంగమే కూలునని వణకుదుము. వణకుచు, అతడు రేపు మనకును రాష్ట్రపతియే యగునను సంగతి మఱతుము. నేడు అతనిపై చల్లిన బురద రేపు ఆ పీఠముపైననే కనబడును.

మా పక్షము గెలువవలెనని మేము కోరుటకు సంశయింపము. లెక్కింపునాటి రాత్రి మాకును నిద్ర పట్టదు. అయినను ఆ కోరికకు మఱొకదానిని జతచేయుచున్నాము. మే మెన్నుకొనగోరు వ్యక్తి, అవసరమైననాడు మాకే 'కాదు' అని చెప్పగల ధీరుడగుగాక. అట్టివాడు ఎదుటి పక్షమున నుండి గెలిచినచో, మా యోటమిని మేము సహింపగలము.