ఆ మూడక్షరాలూ ఎవరివి?

తల్లాడ చౌరస్తాలో మందుల షాపు ముందు ఓ తల్లి నిలబడింది. భుజాన ఏడాది పిల్లవాడు తల వాల్చేశాడు. పొద్దుట్నుంచీ నీళ్ల విరేచనాలట. "ఓఆర్‌ఎస్ ఇయ్యన్నా" అంది. షాపతను ఫ్రిజ్ తెరిచి, స్ట్రా అంటించిన రంగుల డబ్బా చేతిలో పెట్టాడు. దానిమీద ఆ మూడక్షరాలూ పెద్దగానే ఉన్నాయి. మూడేళ్లయినా తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆమె అడగాల్సిందే అడిగింది. పేరే ఆమెను మోసం చేసింది.

అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు. ఎంత విరేచనాలవుతున్నా పేగు ఈ రెంటినీ జతగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీళ్లూ పోతాయి. చక్కెర మితిమీరితే వ్యవహారం తలకిందులు. ఒంట్లో మిగిలిన నీళ్లు కూడా పేగులోకి దిగిపోతాయి. ఆ డబ్బాలు కొన్నింటిలో లీటరుకు నూరు గ్రాములు దాటిన చక్కెర! ఎండిపోతున్న బిడ్డ నోట్లో పోయాల్సిందేనా అది?

1971లో బనగావ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోతుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్లు డ్రమ్ముల్లో కలిపించి కలరా రోగుల్ని బతికించారు. అలా సంపాదించుకున్న నమ్మకాన్ని కంపెనీలు కూల్‌డ్రింకు లాంటి సరుకు మీద అంటించి అమ్ముకున్నాయి.

హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీనిమీద ఎనిమిదేళ్లు పోరాడారు, హైకోర్టుకూ వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దంది. జులైలో, హెచ్చరిక వాక్యం ఒకటి వేసి పేరు ఉంచుకోవచ్చంటూ వెనక్కి తగ్గింది. ఏన్కూరు గూడెం నుంచి పిల్లవాణ్ని ఎత్తుకొచ్చిన తల్లి ఆ ఇంగ్లీషు వాక్యం చదువుతుందనా? ఆ అనుమతి రద్దు కావడానికి 2025 అక్టోబరు 14 రావాల్సి వచ్చింది. మూడేళ్లకు పైగా!

ఉత్తర్వు ఢిల్లీలో వచ్చింది, షాపుల అరలు తల్లాడలో ఉన్నాయి. అధికారులు వచ్చి వాటిని చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్లతో ఉన్న పొడి ప్యాకెట్టును ముందు వరసలో పెట్టించాలి. ఆశా కార్యకర్త సంచిలో ఆ ప్యాకెట్లూ, పద్నాలుగు రోజుల జింకు బిళ్ళలూ వానలకు ముందే ఉండాలి. కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి చెంచాతో పట్టడం, వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్లీ పట్టడం, తల్లిపాలు మానకపోవడం ఇంటింటికీ చేసి చూపించాలి. కళ్లు గుంటలు పడినా, బిడ్డ తాగలేకపోయినా, విరేచనంలో నెత్తురు కనబడినా వెంటనే ఆసుపత్రికి. షాపతనికి కూడా ఇదంతా నేర్పాలి. గూడెం నుంచి వచ్చిన తల్లి మొదట అడిగేది అతన్నే.