ఎకనామిక్స్ ప్రొఫెసర్లు దేని మీద పరిశోధన చేస్తున్నారో మనకెందుకు?

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే జగ్గయ్యపేట, నందిగామ ముస్లిం ఇళ్లలో వినిపించే కోర్సుల పేర్లు నాలుగైదే. మార్కులు బాగా వస్తే బీటెక్, లేకపోతే బీకాం కంప్యూటర్స్. ఆడపిల్లలైతే నర్సింగ్, లేదా డిగ్రీ తర్వాత బీఎడ్. బీఏ ఎకనామిక్స్ పేరెత్తితే మాత్రం "అది చదివి ఏం చేస్తాడు?" అనేదే మొదటి ప్రశ్న. ఫీజు అప్పు చేసి కట్టే ఇంట్లో ఆ ప్రశ్న తప్పేం కాదు. కానీ దానితో పాటు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఆ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాళ్లు దేని మీద పరిశోధన చేస్తున్నారు? వాళ్ల లెక్కల్లో మనలాంటి వాళ్లు ఉన్నారా?

ఈ ప్రశ్న ఇప్పుడు ఎందుకంటే, లిబరల్ ఆర్ట్స్ చదువు మన రాష్ట్రంలోకీ వచ్చేసింది. చరిత్ర, గణితం, సాహిత్యం, సైన్స్ మొదట కలిపి చదివి, తర్వాత ఒక ప్రధాన సబ్జెక్టు ఎంచుకునే పద్ధతి ఇది. తమిళనాడు సరిహద్దు దగ్గర శ్రీసిటీలో ఉన్న క్రియా యూనివర్సిటీ 2019లో డిగ్రీ తరగతులు మొదలుపెట్టింది. విజయవాడ దాటితే నీరుకొండలో ఎస్‌ఆర్‌ఎం యూనివర్సిటీ ఏపీ ఉంది. అక్కడ ఈశ్వరి స్కూల్ ఆఫ్ లిబరల్ ఆర్ట్స్‌లో ఎకనామిక్స్ విభాగం నడుస్తోంది. ఇలాంటి చోట్ల ప్రొఫెసర్లు పాఠం చెప్పడంతో ఆగరు, పరిశోధన కూడా చేస్తారు. వెబ్‌సైట్లో ఒక్కొక్కరి పేరు కింద వాళ్ల పరిశోధనాంశాలు రాసి ఉంటాయి. అడ్మిషన్ల హడావుడిలో హాస్టల్ ఫొటోలు చూస్తాం గానీ ఆ రెండు లైన్లు ఎవరం చదవం.

ఆ రెండు లైన్ల బరువు ఎంతో తెలియాలంటే గ్రూపు లోన్ల సంగతి చూడాలి. మా వైపు వారం వారం కిస్తీ కట్టని వీధి అరుదు. హైదరాబాద్ బస్తీల్లో స్పందన సంస్థ ఇచ్చిన ఇలాంటి లోన్ల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు పెద్ద అధ్యయనం చేశారు. బెనర్జీకి, డఫ్లోకి 2019లో నోబెల్ వచ్చింది. క్షేత్రంలో సర్వే పనులు చూసింది చెన్నైలోని ఐఎఫ్‌ఎంఆర్‌కు చెందిన మైక్రోఫైనాన్స్ కేంద్రం. ఇవాళ్టి క్రియా యూనివర్సిటీకి మూలం ఆ ఐఎఫ్‌ఎంఆరే.

104 బస్తీలు తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం చోట్ల ముందు బ్రాంచీలు తెరిచి, మిగతా సగంతో పోల్చారు. మొదటి లోను 10,000 రూపాయలు, 50 వారాల కిస్తీలు, వడ్డీ 12 శాతం. బీకాం చదివిన వాళ్లకి ఇక్కడే అసలు లెక్క కనిపిస్తుంది. వడ్డీ మొత్తం పదివేల మీద వేస్తారు, అసలు మాత్రం వారం వారం తగ్గిపోతుంటుంది. సగటున మన చేతిలో ఉండేది అయిదు వేలే. 1,200 వడ్డీ అయిదు వేల మీద అంటే దాదాపు 24 శాతం. కాగితం మీద 12, జేబులోంచి పోయేది 24.

2015లో ఆ అధ్యయనం అచ్చయింది. లోన్ల వల్ల అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు పెట్టుబడి పెంచుకోగలిగారు. కానీ ఇంటి ఖర్చు మొత్తంగా పెరగలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లడంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. గ్రూపు లోనుతో బతుకులు మారిపోతాయన్న ప్రచారం ఆ లెక్క ముందు నిలబడలేదు.

అలాగని లోన్లు ఆపేస్తే అంతా బాగుపడుతుందా? 2006 మార్చిలో మన కృష్ణా జిల్లా అధికారులే రెండు పెద్ద సంస్థల బ్రాంచీలు 50 దాకా మూయించారు. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, వసూళ్లు ఆగిపోయాయి. దాని ప్రభావం బయటి రాష్ట్రాల మీద ఎలా పడిందో ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ లెక్కగట్టారు. ఆంధ్రాలో డబ్బు ఇరుక్కుపోయిన సంస్థలు వేరే రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించాయి, అక్కడి పల్లెల్లో కూలి రేట్లు పడిపోయాయి. లోను తీసుకోని కూలీ కూడా నష్టపోయాడన్నమాట. ఇలాంటి సంగతి ఇంట్లో పద్దుపుస్తకం చూస్తే తెలియదు. ఎవరో కూర్చుని జిల్లా జిల్లాకీ లెక్క తీయాలి.

లెక్క తీసే మనిషి ఏ ప్రశ్న ఎంచుకుంటాడన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. అమెరికాలో డార్ట్‌మత్ కాలేజీ అని పాత లిబరల్ ఆర్ట్స్ కాలేజీ ఉంది. అక్కడి ఎకనామిక్స్ ప్రొఫెసర్ పాల్ నోవొసాద్, తన సహచరులతో కలిసి, భారతదేశంలో తండ్రి కంటే కొడుకు చదువులో ఎంత పైకి వచ్చాడని చూశారు. 1950ల నుంచి 1980ల దాకా పుట్టిన తరాల్ని పోలిస్తే, ఎస్సీ, ఎస్టీ పిల్లలు పైకి వచ్చే అవకాశం పెరిగింది, ముస్లిం పిల్లలకి తగ్గింది. ఇంకో పరిశోధనలో నోవొసాద్, మరికొందరు కలిసి దేశంలో 15 లక్షల వాడల్ని పరిశీలించారు. ముస్లింలు ఎక్కువగా ఉన్న వాడల్లో ప్రభుత్వ బడులు, ఆరోగ్య కేంద్రాల వంటివి తక్కువని తేలింది. మన పెద్దవాళ్లు అరుగుల మీద ఎప్పటినుంచో అనుకుంటున్న మాటే ఇది. తేడా ఏమిటంటే, అరుగు మీద మాట కోర్టులో చెల్లదు, లెక్క చెల్లుతుంది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. బీసీ-ఈ రిజర్వేషన్ చరిత్రే సాక్ష్యం. 2004లో ఇచ్చిన జీవో హైకోర్టులో నిలవలేదు. 2005 చట్టం నిలవలేదు. పి.ఎస్. కృష్ణన్ నివేదిక తర్వాత 14 వర్గాలకు 4 శాతం ఇస్తూ తెచ్చిన 2007 చట్టాన్ని కూడా 2010 ఫిబ్రవరిలో కొట్టేశారు. వెనుకబాటుతనాన్ని తేల్చిన సర్వే పద్ధతి, సమాచారం సరిపోవన్నది కోర్టు ఎత్తిచూపిన ప్రధాన లోపాల్లో ఒకటి. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతోనే ఆ సీట్లు కొనసాగుతూ వచ్చాయి. మన పిల్లల మెడికల్ సీటు, టీచర్ పోస్టు ఒక సర్వే నాణ్యత మీద ఆధారపడి ఉన్నాయంటే, ఆ సర్వే చేసే చదువు మనకి అక్కర్లేదనగలమా? దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బీలో ఉన్నాయి. "ముస్లిం" అని ఒకే గడిలో టిక్కు పెట్టి వెళ్లిపోయే సర్వేకి ఈ తేడా తెలియదు. మన వీధిలో పుట్టి పెరిగిన విద్యార్థికి తెలుస్తుంది.

సచార్ కమిటీ నివేదిక 2006లో వచ్చినప్పుడు దాని సభ్య కార్యదర్శి అబూసాలెహ్ షరీఫ్. ఆయన ఆర్థికవేత్త. ఇవాళ ఢిల్లీ నుంచి మన ఊరిదాకా ఎవరు ముస్లింల వెనుకబాటు గురించి మాట్లాడినా ఆ నివేదిక అంకెలే చెబుతారు.

ఇందులో ఇబ్బంది కూడా ఉంది, దాచాల్సింది కాదు. హర్యానాలోని అశోకా యూనివర్సిటీలో ఎకనామిక్స్ చెప్పే సబ్యసాచి దాస్ 2019 ఎన్నికల మీద ఒక పరిశోధనా పత్రం రాశారు. హోరాహోరీ నియోజకవర్గాల ఫలితాలు అధికార పార్టీ వైపు అసాధారణంగా మొగ్గాయని, ముస్లిం ఓటర్ల పట్ల వివక్ష జరిగి ఉండొచ్చని అందులో వాదించారు. 2023లో అది బయటికి రాగానే పెద్ద వివాదమైంది. ఆ వాదనను తప్పుపట్టిన ఆర్థికవేత్తలూ ఉన్నారు. యూనివర్సిటీ తనకు సంబంధం లేదంది, ఆయన రాజీనామా చేశారు. విభాగంలోని తోటి ప్రొఫెసర్లు ఆయన్ని తిరిగి తీసుకోవాలని బహిరంగ లేఖ రాశారు. పత్రం తప్పయితే ఇంకో పత్రంతో తప్పని చూపించాలి. మనిషి వెళ్లిపోవాల్సి వస్తే తర్వాతి వాళ్లు ఆ ప్రశ్న జోలికే పోరు. అందుకే కాలేజీ ఎంచుకునేటప్పుడు పరిశోధనాంశాలతో పాటు, వాటి మీద నోరువిప్పే స్వేచ్ఛ ఉందా అన్నది కూడా చూడాలి.

ఇంట్లో ఎవరైనా ఈ దారి ఆలోచిస్తుంటే, అధ్యాపకుల పేజీ ఇలా చదవండి. "డెవలప్‌మెంట్" అని ఉంటే బడులు, అప్పులు, పల్లెల మీద పని. "లేబర్" అంటే ఉద్యోగాలు, కూలి. "గేమ్ థియరీ" అంటే ఎక్కువగా గణితం. అశోకాలోనే అశ్విని దేశ్‌పాండే కుల, లింగ వివక్ష మీద పనిచేస్తారు. బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో అమిత్ బసోలే బృందం దేశంలో ఉపాధి పరిస్థితి మీద నివేదికలు తెస్తుంది. అక్కడ కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు రాయితీ కూడా ఉంది. విద్యార్థుల్ని సర్వే పనిలో పెడతారా, ఇంటర్‌లో గణితం లేకపోతే ఏం చేయాలి, ఎంత స్కాలర్‌షిప్ ఇస్తారు అని ఫోన్ చేసి అడగండి. ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ ఫీజులు మనకి భారమే కాబట్టి ఆఖరి ప్రశ్న మొదటే అడగడం మంచిది. అక్కడ కుదరకపోతే ప్రభుత్వ కాలేజీ బీఏ, తర్వాత సెంట్రల్ యూనివర్సిటీ ఎంఏ దారి ఉండనే ఉంది.

మనం 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి మారాం, ప్రశ్నలు మాత్రం అలాగే ఉన్నాయి. మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మూతపడిన రోజుల్లో ఎన్ని ఇళ్లకి రోజుకూలి పోయింది? జగ్గయ్యపేట సిమెంటు లోడు మీద తిరిగే డ్రైవరుకి ఫైనాన్స్ కిస్తీ పోను ఏం మిగులుతోంది? మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడమనిషికి పదేళ్లలో కూలి ఎంత పెరిగింది? ఇవి తీరిగ్గా లెక్క తీయాల్సిన ప్రశ్నలు. ఇన్నాళ్లూ సర్వే వాళ్లు తలుపు కొడితే మన అమ్మలు జవాబులు చెప్పారు. ఆ ప్రశ్నల కాగితం తయారుచేసే గదిలో మన అమ్మాయో అబ్బాయో కూర్చోవడానికి ఈ ఏడాది దరఖాస్తు ఒక మొదలు.