అంగన్‌వాడీ నాణ్యత లెక్కలో కులం ప్రశ్న ఏది?

అంగన్‌వాడీ ఎలా నడుస్తోందో ఇప్పుడు ఫోన్ చెబుతోంది. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్‌లో టీచర్లు పిల్లల హాజరు, ఎత్తు, బరువు నింపుతున్నారు. ఆ లెక్క పై అధికారులకు పోతుంది. సెంటర్ తనను తాను పరిశీలించుకుని లోపాలు దిద్దుకోవడం వేరే పని. దానికి కొలబద్ద కావాలి.

కొలబద్ద లేకపోలేదు. 2013 జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం కనీస ప్రమాణాలు చెప్పింది. 30 మంది పిల్లలకు 35 చదరపు మీటర్ల గది, బయట 30 చదరపు మీటర్ల ఆటస్థలం ఉండాలి. మూడేళ్లు దాటిన 20 మందికి ఒకరు, మూడేళ్లలోపు 10 మందికి ఒకరు చూసుకునేవారు ఉండాలి. తాగునీరు, మరుగుదొడ్డి, మాతృభాషలో బోధన తప్పనిసరి. టీచరు, ఆయా, తల్లులు కలిసి కూర్చుంటే ఏది ఉందో, ఏది లేదో, లేనిదానికి బాధ్యులెవరో గంటలో తేలిపోతుంది.

కానీ ఈ కొలతలన్నీ సరిపోయిన సెంటర్‌లో కూడా అంటరానితనం ఉండొచ్చు. దళిత మహిళ వండితే పిల్లల్ని పంపడం మానేసిన ఊళ్ల వార్తలు మనకు కొత్త కాదు. అందుకే ఆ జాబితాకు మన ప్రశ్నలు కలపాలని మేం అంటున్నాం. సెంటర్ ఊళ్లో ఉందా, వాడలో ఉందా? వాడ పిల్లలు ఎక్కడ కూర్చుంటున్నారు? నీళ్ల బిందెను ఎవరు ముట్టుకోవచ్చు? గుడ్డు అందరికీ ఒకేలా అందుతోందా? పిల్లల్ని ఏ పేరుతో పిలుస్తున్నారు? ఇవి గొంతెమ్మ కోర్కెలు కావు. కొత్త సెంటర్లకు ఎస్సీ, ఎస్టీ వాడలను ముందుగా గుర్తించాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13నే ఆదేశించింది.

ఇక జవాబు చెప్పేది ఎవరు? టీచర్లు, ఆయాలు గౌరవ వేతనం మీద బతుకుతున్న మహిళలు. జీతం పెంచమని, గ్రాట్యుటీ ఇవ్వమని ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్‌లో సమ్మెకు దిగితే ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. తక్కువ మార్కు రాసుకుంటే మెమో వస్తుందన్న భయం ఉన్నచోట ఎవరూ నిజం రాయరు. గది ఇవ్వనిది, ఖాళీలు నింపనిది ప్రభుత్వం. ఆ లోటు ఆమె ఖాతాలో పడకూడదు. అదే సమయంలో, సెంటర్‌లో వివక్ష జరుగుతుంటే సిబ్బంది మాట ఒక్కటే ప్రమాణం కాకూడదు. వాడ తల్లుల మాట విడిగా, వాడలోనే వినాలి.

దీనికి చట్టం దారి చూపింది. ఆహార భద్రతా చట్టం, 2013లోని 28వ సెక్షన్ సంక్షేమ పథకాలపై సామాజిక తనిఖీ చేయించే బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టింది. విద్యార్థి సంఘాలు ఒక్కో వాడలో తల్లులతో ఈ ప్రశ్నలు చర్చించి, జవాబులు కాగితం మీద పెట్టి, గ్రామసభలో చదివించాలి. బడి మెట్టెక్కకముందే పిల్లలకు కులం నేర్పే సెంటర్‌కు ఎన్ని మార్కులు వచ్చినా అది నాణ్యత కాదు.