అరవై రోజుల కృప

2023 మార్చిలో నా ఉద్యోగం పోయింది. హెచ్‌-1బి వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే అమెరికా ప్రభుత్వం మహా అయితే అరవై రోజులు గడువిస్తుంది. ఆలోగా ఇంకో కంపెనీ మన పేరున అర్జీ పెట్టాలి, లేదా మనమే వీసా రకం మార్చమని అడగాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. ఆ గడువును ఇక్కడ 'గ్రేస్ పీరియడ్' అంటారు. గ్రేస్ అంటే కృప. గుంటూరులో లూథరన్ ఇంట్లో పుట్టినవాణ్ని, ఉగ్గుపాలతో విన్న మాట అది. దానికి ఆఖరు తేదీ ఉండగా మాత్రం అప్పుడే చూశాను.

మేముండేది కాలిఫోర్నియాలోని డబ్లిన్. బార్ట్ రైలు బ్లూ లైన్ ఆగిపోయే చివరి స్టేషనుకు దగ్గర్లో అపార్ట్‌మెంట్. లెక్కలేసుకునే ఊరు. పిల్లలకు జీపీఏ, పెద్దలకు ఏటా కంపెనీ ఇచ్చే రేటింగు, అందరికీ క్రెడిట్ స్కోరు. గ్రీన్‌కార్డు వరసలో ముందుండాలంటే 'అసాధారణ ప్రతిభ' ఉందని కాగితాలతో నిరూపించుకోవాలి. ఇలాంటి చోట శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థనకు కూర్చుంటే, అక్కడైనా ఎవరూ మార్కులు వెయ్యరనుకుంటాం.

నా విషయం విని ఒక పెద్దాయన పక్కకు పిలిచాడు. "బ్రదర్, విశ్వాసంలో ఎక్కడో లోటుంది. ఉపవాసం పట్టండి" అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. నాకు మాత్రం మేనేజరు ముందు మళ్లీ కూర్చున్నట్టయింది.

నా తగువు ఈ మాటతోనే. విశ్వాసం వల్ల నీతిమంతులుగా తీర్చబడటం అనేది క్రైస్తవంలో పెద్ద సిద్ధాంతం. పౌలు రోమీయులకూ గలతీయులకూ రాసిన పత్రికల్లో దాని వేళ్లున్నాయి. మార్టిన్ లూథర్ 1517లో మొదలుపెట్టిన గొడవ పాపక్షమ పత్రాల అమ్మకం మీదే అయినా, పోనుపోను ఇక్కడికే వచ్చి ఆగింది. మనిషి తను చేసిన పనులు చూపించి దేవుడి దగ్గర మంచివాడు అనిపించుకోలేడు, క్రీస్తును బట్టి దేవుడే అలా అంటాడు, మనిషి చెయ్యి చాపి అందుకుంటాడు. ఆ చాపిన చెయ్యే విశ్వాసం. చెయ్యి ఎంత బలంగా ఉందో కొలవడం మొదలుపెడితే అదీ ఒక పనే అయిపోతుంది. పాత మార్కుల పట్టిక చించేసి, విశ్వాసం పేరుతో కొత్తది అచ్చు వేసుకున్నట్టు. ఇంటి ప్రార్థనల్లో, యూట్యూబు ప్రసంగాల్లో నాకు వినిపించేది ఎక్కువగా ఈ కొత్త పట్టికే: ఇంత నమ్మాడు కాబట్టి వీసా స్టాంపింగ్ అయింది, అంత నమ్మలేదు కాబట్టి కాలేదు.

మా తెలుగు బైబిలు వాడిన 'తీర్చబడుట' అనే మాట నాకు చాలా ఇష్టం. తగవు తీర్చడం ఉంది, అంటే తీర్పు చెప్పడం. ముగ్గు తీర్చడం ఉంది, అంటే చేత్తో దిద్ది రూపు తేవడం. లూథరన్ ఉపదేశకుడైన మా తాతయ్య మొదటి అర్థం పట్టుకునేవాడు: దేవుడు న్యాయాధిపతి, నేరస్థుణ్ణి నిర్దోషి అన్నాడు, కేసు అయిపోయింది. మా ఆవిడ ఫిరంగిపురం క్యాథలిక్. ఆమెకు రెండోదే నచ్చుతుంది: దేవుడు లోపలికి వచ్చి మనిషిని దిద్దుతాడు. 1547లో క్యాథలిక్కుల ట్రెంట్ మహాసభ లూథర్ వాదాన్ని తోసిపుచ్చింది కూడా ఇంచుమించు ఈ తేడా మీదే. ఉత్తి ప్రకటన చాలదు, లోపల మార్పు కూడా ఉండాలంది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, క్యాథలిక్ సభ కలిసి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి: కృప వల్లనే తప్ప మన యోగ్యత వల్ల కాదని. అందులో రెండు అర్థాలకూ చోటు దొరికింది. తెలుగు క్రియాపదంలో ఆ చోటు ముందునుంచీ ఉంది.

ఆఫీసులో తెనాలి మిత్రుడొకడు ఆటపట్టించేవాడు. "ఏం గురూ, నమ్మితే చాలట, ఏం చేసినా చెల్లుతుందట!" అని. ఆ వెక్కిరింత పౌలు నాటిదే, పౌలు దానికి జవాబు కూడా రాశాడు. నాకు జవాబు దొరికింది మాత్రం ఇక్కడి పాత సెయింట్ రేమండ్స్ గుడి దగ్గర. 1859లో ఐరిష్ వలసదారులు కట్టుకున్న చెక్క గుడి. కడుతుండగా టామ్ డాన్లన్ అనే అతను పైకప్పు మీంచి పడి చనిపోయాడు. గుడి పక్కనున్న శ్మశానంలో తొలి సమాధి అతనిదే. ఉద్యోగం లేని రోజుల్లో మేమిద్దరం అటు నడిచేవాళ్లం.

"ఏమండీ, ఆయన చేసిన పని లెక్కలోకి రాదంటారా?" అంది మా ఆవిడ.

"అసలు లెక్కే లేదంటున్నాను."

"లెక్క లేకపోతే పైకెందుకు ఎక్కాడు?"

"గుడి కావాలని."

ఆమె ఒప్పుకోలేదు, కానీ నవ్వింది.

లెక్కే లేదన్న ఈ మాట మా ముత్తాతల చెవికి ఇంకోలా తగిలి ఉంటుంది. లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరుకు వచ్చింది 1842లో. ఆ తర్వాత ఈ బోధ విని చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్లు. ఈ పుట్టుక పోయిన జన్మలో చేసుకున్నదాని ఫలం అని వినీ వినీ ఉన్నవాళ్లు. వాళ్ల ముందు ఒకడు నిలబడి, నువ్వేం చేశావన్నదాన్ని బట్టి కాదు అంటే, షావుకారు పద్దు పుస్తకంలో తమ పేరు మీద అడ్డగీత పడినట్టు ఉండి ఉంటుంది. వాళ్ల మునిమనవలం డబ్లిన్ దాకా వచ్చి ఆ పుస్తకాన్ని మళ్లీ తెరిచి కూర్చున్నాం.

యాభై రెండో రోజున నాకు ఆఫరు వచ్చింది. తెనాలి మిత్రుడే రిఫరెన్సు ఇచ్చాడు. ఆ శుక్రవారం సాక్ష్యం చెప్పమన్నారు. లేచి రెండు ముక్కలు చెప్పాను. పెద్దాయన గట్టిగా ఆమెన్ అన్నాడు. మా గుంపులోనే ఇంకొకతనికి నాకంటే కొంచెం ముందు ఉద్యోగం పోయింది. అతని అరవై రోజులూ అయిపోయాయి. ఇల్లు ఖాళీ చేసి, సోఫా మాకిచ్చి, భార్యాపిల్లలతో విజయవాడ విమానం ఎక్కాడు. నాకంటే ఎక్కువ ప్రార్థన చేసేవాడు, ఉపవాసాలు కూడా ఉన్నాడు. ఆ రోజు అందరి ముందూ ఆ సంగతి చెప్పలేకపోయాను. అతనిచ్చిన సోఫాలో కూర్చుని ఇప్పుడు రాస్తున్నాను.